తుంపర కట్టిన మండపం

ఒమాన్‌లో మస్కట్ నుంచి సలాలాకి రోడ్డు మీద వెళితే దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఆదమ్ దాటాక దారి పొడుగునా ఇసుక, గులకరాళ్లు, ఎక్కడో ఒక పెట్రోలు బంకు, దాని పక్కన మలయాళీల టీకొట్టు, మళ్లీ ఇసుక. జూలైలో బస్సు అద్దం మీద వేలు పెడితే చురుక్కుమంటుంది. థుమ్రైత్ దాకా ఇదే వరస. అక్కడి నుంచి కొండ దిగే రోడ్డు మొదలయ్యాక ఏదో ఒక మలుపులో డ్రైవరు లైట్లు వేస్తాడు. పట్టపగలు లైట్లేమిటని తలెత్తి చూసేలోగా బస్సు మబ్బులో ఉంటుంది. గీత గీసినట్టు మట్టిరంగు అక్కడితో సరి, గీతకి ఇవతల పచ్చగడ్డి. వైపర్లు తిరుగుతుంటాయి కానీ చినుకు కనబడదు. ఏసీ ఆపవయ్యా బాబూ అని వెనక సీట్లలోంచి నాలుగు భాషల్లో కేకలు. రంగప్రవేశాలు చాలా చదివాను, చూశాను. ఇంత నిక్కచ్చిగా తెర తీసిన నాటకకర్తను మాత్రం నేనెరగను.

ఈ అందాన్ని గురించి గల్ఫ్ పత్రికల్లో రాసేదంతా తడవడానికి వచ్చినవాళ్ల కోసం రాసింది. రియాద్, దుబాయి, కువైట్ల నుంచి కార్లేసుకుని కుటుంబాలు దిగుతాయి. ఇత్తీన్ మైదానంలో తివాచీలు పరిచి, ఆ తుంపరలోనే కూచుని, కాల్చిన మాంసం తింటారు. పిల్లలు బురదలో దొర్లుతుంటే మందలించరు. వాళ్ల ఆనందం మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కానీ ఆ మాంసం ముక్కల్ని చువ్వలకి గుచ్చి, తడిసిన బొగ్గుని విసనకర్రతో రాజేస్తూ నిలబడ్డవాడు ఒకడుంటాడు. ఆ దృశ్యాన్ని అందరికంటే ఎక్కువసేపు చూసేది అతనే. వాళ్లు నాలుగు రోజులు చూస్తే అతను మూడు నెలలు చూస్తాడు. ఆ చూపులో ఏముందో చెప్పాలని నా ప్రయత్నం.

ముందు ఆ వాన సంగతి. అక్కడ దీన్ని ఖరీఫ్ అంటారు, జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 దాకా అని లెక్క. గల్ఫ్ అంతా నలభై అయిదు డిగ్రీల్లో ఉడుకుతుంటే సలాలా ఉన్న ధోఫార్ తీరంలో ఈ చిన్న ముక్క ఇరవై అయిదు దగ్గర చల్లగా ఉంటుంది. నైరుతి గాలి తీరాన్ని ఒరుసుకుంటూ వీచి పైనీటిని సముద్రంలోకి నెట్టేస్తుంది. అడుగునున్న చల్లనీరు పైకి వస్తుంది. దాని మీదుగా వచ్చే తేమగాలి మబ్బు కడుతుంది. మామూలుగా అయితే ఆ మబ్బు ఎత్తుకెక్కి ఉరిమి కురవాలి. ఇక్కడ దానికా వీల్లేదు. పైన ఎడారి నుంచి వచ్చిన వేడి పొడిగాలి మూతబెట్టి కూచుంటుంది, వెనక కారా కొండలు అడ్డం. ఎక్కలేక, దాటలేక మబ్బు ఊరి మీదే నిలబడిపోతుంది. కొండ మీది చెట్లు ఆకులతో ఆ తేమను పట్టి, బొట్లు బొట్లుగా తమ మొదట్లో తామే పోసుకుంటాయి. ఇదే నైరుతి అరేబియా సముద్రం దాటి కేరళని తాకి మన దాకా వచ్చేసరికి ఉరుములూ, మెరుపులూ, గొడుగులు తిరగబడే జడివానా. ఒకే గాలి, రెండు స్వభావాలు.

ఉరుము లేదు, మెరుపు లేదు, ధార లేదు. ప్రబంధకవిని ఇక్కడ దింపితే పాపం చేతులెత్తేస్తాడు. వర్షర్తు వర్ణనకి అలవాటైన సరంజామా ఏదీ దొరకదు: మెరుపుతీగెల్లేవు, నెమళ్లు లేవు, మేఘగర్జన విని ఉలిక్కిపడి నాయకుణ్ని కౌగిలించుకునే నాయిక కూడా లేదు. ఉన్నది వెలుగు. సూర్యుడు రోజుల తరబడి కనబడడు కానీ చీకటీ కాదు. వెలుగు ఫలానా వైపు నుంచి వస్తోందని చెప్పలేం. అందుకని దేనికీ నీడ పడదు. నీడ లేనప్పుడు రంగులకు ఆధారం పోతుందనుకుంటాం కదా, జరిగేది వేరు. అరటాకు లోపలి నుంచి పచ్చగా ఉంటుంది. రోడ్డు ఊడ్చేవాడి చొక్కా, బొప్పాయి చెక్క, కూలీల పికప్ బండి వెనక కట్టిన నీలం పట్టా, అన్నీ ఎవరి రంగు వాళ్లే మోస్తూ మబ్బులోంచి ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. ముందు రంగు వస్తుంది, తర్వాత ఆకారం, చివర్న చప్పుడు. తెల్లవారు అయిదున్నరకి సాదా పేట వీధిలో పని బండి కోసం నిలబడ్డవాళ్లకి ఇది రోజూ ఉచితంగా దొరికే ప్రదర్శన.

ఉచితమంటే పూర్తిగా కాదు. ఆ మూడు నెలలూ బట్టలారవు. ఆరుగురు పడుకునే గదిలో గోడకీ గోడకీ తాళ్లు కట్టి ఉతికినవన్నీ వేస్తారు. మూడోరోజు పొద్దున బనీను చేతికి చల్లగా, జిగటగా తగులుతుంది. ఫ్రిజ్ వెనక వెచ్చని చోటుకి వంతులుంటాయి. వంతు తప్పినవాడు ఇస్త్రీపెట్టె పెట్టి రుద్దితే ఆవిరి లేచి గదంతా సబ్బూ చెమటా కలిసిన వాసన. ఫ్యాను కింద చొక్కా, చొక్కా కింద మనిషి. ఖరీఫ్ సౌందర్యం గురించి మాట్లాడేవాడు ఈ తడి బనీను ఒకసారి తొడుక్కుని మాట్లాడాలి. అది తెలియని వర్ణన నాకు రుచించదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాస్తూ రసానుభవానికి ఏడు విఘ్నాలు లెక్కపెట్టాడు. వాటిలో ఒకటి నిజసుఖాదివివశీభావం. తన సుఖదుఃఖాల్లో తాను కూరుకుపోయి ఉన్నవాడికి ఎదుట ఎంత గొప్ప నాటకమాడినా అందదు అని. ఇప్పుడు మన మనిషిని చూడండి. ఏజెంటుకి కట్టిన డబ్బుకి వడ్డీ నడుస్తోంది. ఇంటి దగ్గర స్లాబు దాకా వచ్చి ఆగిన ఇల్లు, చెల్లెలి పెళ్లి, ఓవర్‌టైం రాస్తారో రాయరో తెలియని ఫోర్‌మన్. సొంత గొడవలో ఇంతకన్నా నిండా మునిగినవాడు ఎక్కడ దొరుకుతాడు? శాస్త్రం ప్రకారం అతనికి ఈ తుంపర మండపంలో టిక్కెట్టు లేదు.

అయితే అభినవగుప్తుడు జబ్బు పేరు చెప్పి పొమ్మనే వైద్యుడు కాడు, మందు కూడా చెప్పాడు. వాద్యం, గానం, విచిత్రంగా అలంకరించిన మండపం, వీటి మధ్య కూచోబెడితే మనసు తేటపడి, హృదయం లేనివాడు కూడా సహృదయుడవుతాడన్నాడు. ప్రేక్షకుడు తన బరువు దించుకోవడానికి ముందు ఒక చోటు కావాలి. గల్ఫ్‌లో పని చేసేవాళ్లకి మామూలుగా ఆ చోటే ఉండదు. గది, బండి, సైటు, బండి, గది. బయటికి వస్తే ఎండ తరిమి మళ్లీ లోపలికి నెడుతుంది. సలాలాలో మాత్రం బయట అనేది ఒకటుంది. డ్యూటీ దిగి, రూముకి పోకుండా, ఏ పనీ లేకుండా అరగంట రోడ్డు పక్కన నిలబడవచ్చు. నేను చూసినంతలో ఆ ఊరి కూలివాడి మొహంలో కనబడే తేటదనానికి మొదటి కారణం ఈ నిలబడగలగడం.

రెండో కారణం కొబ్బరిచెట్టు.

సముద్రపు ఒడ్డున, అల్ హాఫా, దహారీజ్ పేటల పొడుగునా కొబ్బరి తోటలు, వాటి నీడన అరటి, బొప్పాయి, చెరకు. తోట అంచున రోడ్డు వెంబడి తాటాకు కప్పులాంటి పందిళ్లు వేసిన దుకాణాలు. గెలలు గెలలుగా అరటిపళ్లు వేలాడుతుంటాయి. సాయంత్రం రంగుబల్బుల తోరణాలు వెలుగుతాయి. తోటల్లోనూ దుకాణాల్లోనూ ఎక్కువమంది బంగ్లాదేశ్ వాళ్లు. రాజోలు నుంచో అంబాజీపేట నుంచో వచ్చినవాడు వచ్చిన వారం లోపే ఇక్కడికి చేరతాడు, ఎవరూ తీసుకురానక్కర్లేదు. బొండాం తీసుకుని గోటితో తట్టి, చెవి దగ్గర ఆడించి, "ఇది ముదిరింది భాయ్, ఆ పక్క గెలలోది తియ్యి" అంటాడు. అమ్మే కుర్రాడికి తెలుగు రాదు, ఈయనకి బెంగాలీ రాదు. కానీ కొబ్బరి భాష ఒకటుంది. కుర్రాడు ఓసారి ఎగాదిగా చూసి, మారుమాట లేకుండా పక్క గెల మీద కత్తి వేస్తాడు. మూడు వేట్లలో మూతి తెరుచుకుంటుంది. మనవాడు దానికీ వంక పెడతాడు: మా ఊళ్లో దింపువాళ్లయితే రెండో వేటుకే నీళ్లు చిందకుండా తెరుస్తారని. నీళ్లు తాగాక లేత కొబ్బరి గీకడానికి పెంకుతోనే చెంచా చెక్కిస్తాడు. ఆ చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడు మాత్రం ఏమీ అనడు. నాలిక మీద తీర్పు ఆలస్యంగా వస్తుంది: "పర్లేదు."

ఈ పోలిక కొత్తగా కనిపెట్టింది కాదు. 14వ శతాబ్దంలో ఈ ఊరికి వచ్చిన ఇబ్న్ బతూతా కొబ్బరీ తమలపాకూ ఇండియాలోనూ ఈ ఊళ్లోనూ తప్ప ఎక్కడా లేవని రాసుకున్నాడు. ఇక్కడివాళ్లు తినే బియ్యం ఇండియా నుంచి వస్తుందని, ఇక్కడి గుర్రాలు ఇండియాకి వెళతాయని కూడా. ఆయన దిగిన జఫార్ రేవు ఇప్పుడు అల్ బలీద్ శిథిలాలు. తూర్పుగా ఖోర్ రోరి దగ్గరున్న ఇంకా పాత రేవు సుమ్‌హురం తవ్వకాల్లో మన శిల్పశైలిలోని చిన్న కంచు స్త్రీమూర్తి దొరికింది. ఏ ఓడలో వచ్చిందో, ఎవరి గూట్లో నిలబడిందో. ఈ ఊళ్లో మనవాళ్ల హాజరు పట్టీ ఆమెతో మొదలు పెట్టాలని నాకు సరదా.

సాదృశ్యం అనే ముడిసరుకుతో మన ఆలంకారికులు ఎన్ని నగలు చేశారో లెక్కలేదు. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటే భ్రాంతిమదలంకారం. అదో ఇదో తేలకపోతే ససందేహం. చూసి, అలాంటిదే మరొకటి తలపుకొస్తే స్మరణం. లక్షణగ్రంథాల్లో ఇవి వేరువేరు పద్యాల్లో ఉంటాయి. సలాలాలో ఒక్క మనిషికి ఒకే ఉదయం వరసగా తగులుతాయి. తెల్లవారు జామున పని బండిలో కునుకుతూ కళ్లు తెరిస్తే మంచులో కొబ్బరి మట్టలు, కింద అరటి దుబ్బులు, తడి మట్టివాసన. ఒక్క క్షణం అమలాపురం బస్సు. అది భ్రాంతి. తర్వాత బండి మలుపు తిరగగానే అరబ్బీ అక్షరాల బోర్డు. ఎక్కడున్నానో తెలియని ఆ రెండు మూడు లిప్తలు సందేహం. ఇక మిగిలిన రోజంతా స్మరణం.

సాదృశ్యం గొప్పదనమంతా దాని కొరతలో ఉంది. పూర్తిగా అదే అయితే అలంకారం లేదు, ఇల్లే. బొత్తిగా వేరయితే అలంకారం అసలే లేదు, పరాయి దేశం. అబూధాబిలో ఇంటి మీద బెంగ దిగులుగానే ఉండిపోతుంది, దాన్ని ఆనించడానికి ఎదుట వస్తువు ఉండదు. ఇక్కడ బెంగకి ఎదుట ఒక చెట్టు ఉంది. ఆ చెట్టు తనది కాదు, తన చెట్టులాంటిది. ఆ 'లాంటి' దగ్గర మనిషికి తన బాధ నుంచి ఒక అడుగు ఎడం దొరుకుతుంది. రసం పుట్టడానికి కావలసిన జాగా అంతే. అభినవగుప్తుడి విఘ్నం ఈ అడుగు దూరంలో తొలగిపోతుందని నా నమ్మకం. సందేహాన్ని కూడా ఆయన విఘ్నాల్లో చేర్చాడు కానీ, ఆ బండిలోని సందేహాన్ని చూసి ఉంటే కొంచెం సడలించేవాడేమో.

అందరికీ కొబ్బరే కానక్కర్లేదు. జగిత్యాల నుంచి వచ్చినవాడికి కొబ్బరితోట ఎంత అందమైనా సినిమాలో పాట బ్యాక్‌గ్రౌండే. అతని చూపు కొండ మీదికి పోతుంది. ధోఫార్ కొండల్లో జిబ్బాలీలు ఆవుల్ని మేపుతారు. అరేబియాలో వానపచ్చికలో ఆరుబయట ఆవులమంద కనబడే చోటు చాలా అరుదు. మంచులో పొట్టి ఆవులు, వాటి వెనక కర్ర పట్టుకుని అరబ్బీ కాని ఏదో పాత భాషలో అదిలించే ముసలాయన. "సౌదీల ఏడేండ్లున్న అన్నా, పచ్చగడ్డి మేసే పసరాన్ని జూడలె. గీన్నే జూస్తున్న. మా ఊరే యాదికొస్తది" అన్నాడొకాయన. ఆయన సలాలాలో క్రేన్ ఆపరేటరు. శుక్రవారం సెలవైతే బూట్లు చేత్తో పట్టుకుని బురదలో కొండెక్కి, మంద కనబడే చోట ఓ బండ మీద కూచుంటాడు.

ఉద్దానం వాళ్ల సంగతి వేరు. పలాస, సోంపేట, కవిటి వైపు నుంచి వెల్డర్లుగా, రిగ్గర్లుగా దేశదేశాలకీ పోయే కుర్రాళ్లు ఇక్కడా ఉంటారు. 2018 మే నెలాఖరులో మెకును తుపాను సలాలా పక్కనే తీరం దాటింది. ఏడాదంతా కురిసేదానికి ఎన్నో రెట్ల వాన కొద్ది రోజుల్లో కురిసింది. రోడ్లు కొట్టుకుపోయాయి, వాగులు ఊళ్లోకి వచ్చాయి. అదే ఏడు అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలమట్టం చేసింది. ఆ వేసవిలో సలాలా రోడ్ల మీద విరిగిన చెట్లు తీసి, ఆ శరత్తులో ఫోన్లో తన పెరడు చూసుకున్నవాడికి స్మరణాలంకారం ఎలా పనిచేస్తుంది? ఎదుట నిలబడి ఉన్న చెట్టు గుర్తుచేసే చెట్టు ఇప్పుడు లేదు. ఉపమేయం ఉంది, ఉపమానం కూలిపోయింది. లక్షణకర్తలెవరూ దీనికి పేరు పెట్టలేదు. నేనూ పెట్టను. కానీ దహారీజ్ తోటల్లో ఒక కొబ్బరిచెట్టు మొదలు మీద అరచెయ్యి ఆనించి, ఎవరో పిలిచేదాకా అలాగే ఉన్న కుర్రవాణ్ని చూశాను. కరుణరసానికి అంతకు మించిన అభినయం రంగస్థలం మీద అరుదు.

పని దగ్గరికి వద్దాం. ధోఫార్ ఆడవాళ్ల పాత వేషం అబూ ధేల్. మఖమల్ గుడ్డ, మెరిసే పూసలు. ముందు మోకాలి కింది దాకా వచ్చి ఆగుతుంది, వెనక మాత్రం నేల మీద జీరాడుతూ సాగుతుంది. కుట్టేవాళ్లు దాదాపు అందరూ బయటి దేశాలవాళ్లే. మధ్యాహ్నం ఒంటిగంటకి ఊళ్లో కొట్లన్నీ మూస్తారు, నాలుగింటికి మళ్లీ తెరుస్తారు. ఆ మూడు గంటలూ సగం దించిన షట్టరు వెనక పని చేసుకునే ఒక దర్జీ నాకు పరిచయం, కడప వైపు మనిషి. "ముందు భాగం ఎవురైనా కుడతారు సార్. పనంతా వెనక బరువులో ఉండాది. తేలికైతే గాలికి లేస్తాది, బరువెక్కువైతే మెడకాడ గుంజుతాది" అని అంచుకి లోపల కుట్టే పట్టీ మడిచి చూపించాడు. పూసలు అద్దేటప్పుడు కూడా ఆయన లెక్క అందం ఒక్కటే కాదు, తూకం. అంచు పొడుగునా పూసలు పైనుంచి కిందికి వచ్చేకొద్దీ ఒత్తుగా పడతాయి. కళ్లకి అది తీర్చిదిద్దిన వయ్యారం, ఆయనకి అది పడవకి వేసిన అడుగుబరువు.

ఆ బట్ట తోక పరుచుకుని నడవడం మాత్రం ఆయన ఎప్పుడూ చూడలేదు. అది వాళ్ల ఇళ్లలో, పెళ్లిళ్లలో ఆడవాళ్ల మధ్య కట్టుకునేది. వీధిలోకి వస్తే పైన నల్ల అబాయా. నాటకం రాసి, ప్రదర్శన చూసే యోగం లేని కవి. అందుకని కుట్టడం అయ్యాక ఆయన ఓ పని చేస్తాడు. షట్టరు పూర్తిగా దించి, నేల తుడిచి, ఆ గౌను భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని కొట్టు ఈ చివర నుంచి ఆ చివరికి వెనక్కి తిరిగి చూస్తూ నడుస్తాడు. నాలుగడుగుల కొట్టు. తోక మలుపు దగ్గర మెలిక పడితే మళ్లీ మిషను మీదికి. పడకపోతే మడత పెట్టి కవర్లో పెడతాడు. ఆ నాలుగడుగుల నడకలో శృంగారమూ లేదు, బెంగా లేదు, డబ్బు లెక్కా లేదు. పని తనకు తానుగా సరిగ్గా కుదిరినప్పటి సుఖం ఒకటుంది. సలాలాలో నేను చూసిన అందాల్లో దానికే పెద్దపీట.

నాలుగింటికి షట్టర్లు లేచాక ఊరంతా ఒక వాసన. మజ్మర్ అనే ధూపపాత్రలో నిప్పు కణికె వేసి, దాని మీద ఒక్క పలుకు లుబాన్ పెడతారు. మన పరంగి సాంబ్రాణి. ముందు నిమ్మ, తర్వాత దేవదారు, చివర్న తీపి. మంగలి షాపు, మొబైల్ షాపు, కిరాణా, దర్జీ, అందరూ. ముస్లిమా, హిందువా, క్రైస్తవుడా అని ఆ పొగ చూసి చెప్పలేం. తడి బనీను కంపుకి తిరుగులేని విరుగుడు కూడా అదే, కాబట్టి ఖరీఫ్‌లో ఇది సౌందర్యమూ అవసరమూ. అల్ హాఫా బజారులో పచ్చ ఛాయ తిరిగిన హోజరీ రకానికి ఎక్కువ ధర. ఆ చెట్టు మంచు కురిసే ఈ వైపు బాగా ఎదగదు. కొండ అవతల, తడి అందక చల్లగాలి మాత్రం తగిలే మెరక నేలల్లో దాని నాణ్యం. బెరడు చెక్కితే పాలు కారి గట్టిపడతాయి. మొదటి కోతది పెద్దగా పనికిరాదు, తర్వాతి కోతలది మేలు. ఆ కోత కోసేవాళ్లలో చాలామంది సోమాలియా నుంచి వచ్చిన కూలీలే. చెట్టు కన్నీళ్లనీ, కూలీ కన్నీళ్లనీ ఇక్కడ జత చేసే అవకాశం చేతికందేంత దగ్గర్లో ఉంది. వదిలేస్తున్నాను. లుబాన్ వాసన బాగుంటుంది, అంతవరకు చాలు.

ఈ మండపంలోకి రావడానికి వీల్లేనివాళ్ల మాట కూడా చెప్పాలి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్లలో పనికి వచ్చిన ఆడవాళ్లు. వాళ్లలో చాలామందికి శుక్రవారం కూడా సొంతం కాదు. ఆ రోజే ఇంటికి చుట్టాలొస్తారు, వంట రెట్టింపు. ఖరీఫ్ వాళ్లకి వంటింటి కిటికీ అద్దం మీద ఆవిరి. యజమాని కుటుంబం ఇత్తీన్‌కి వెళ్లినప్పుడు వెంట తీసుకెళితే తివాచీ అంచున కూచుని ఫ్లాస్కుల్లోంచి టీ పోస్తూ, చిన్నపిల్లని చంకన వేసుకుని తుంపరలో కాసేపు తిప్పుతారు. పిల్ల మొహం మీద తేమని కొంగుతో తుడుస్తూ తెలుగులో ఏదో పాడుతున్న ఆమెని ఒకసారి చూశాను. అరబ్బు పిల్ల ఆ పాటకి ఊ కొడుతోంది. మగవాళ్లు మాట్లాడే సలాలా అందం వేరు, ఆమెకి దొరికింది వేరు. ఆమె వైపు నుంచి రాయవలసిన వ్యాసం నేను రాయగలిగింది కాదు.

రాత్రి ఫోన్ల వేళ. ఇండియా గంటన్నర ముందు. ఇక్కడ ఎనిమిదింటికి డ్యూటీ దిగితే అక్కడ తొమ్మిదిన్నర, పిల్లలు నిద్రకి ఊగుతుంటారు. కొన్నాళ్లకి నాన్న అంటే నిద్రమత్తులో కనబడే మొహం అయిపోతుంది. "అక్కడా వానేనా?" అని భార్య. "ఆ, వానే. తడవం అంతే." ఆషాఢంలో రెండుచోట్లా మబ్బే కాబట్టి మాటకి వాతావరణం ఎప్పుడూ కరువు కాదు. గల్ఫ్‌లో ఇంకెక్కడ పనిచేసినా ఈ సౌకర్యం లేదు.

సెప్టెంబరు చివర్లో తెర ఎత్తేస్తారు. మబ్బు పోయి సూర్యుడు దిగుతాడు. టూరిస్టులు వెళ్లిపోతారు, హోటళ్ల రేట్లు పడిపోతాయి, మాంసం కాల్చేవాడికి ఓవర్‌టైం ఆగిపోతుంది. సర్బ్ అని పిలిచే ఈ రుతువుకే నా ఓటు. మూడు నెలల తడి తాగిన కొండ ఎండలో ఒక్కసారిగా పూస్తుంది. బురదకి భయపడి మైదానానికి దిగిన ఒంటెలు మళ్లీ కొండెక్కుతాయి. సముద్రం శాంతిస్తుంది. అల్ హాఫా ఒడ్డున శుక్రవారం పొద్దున్నే క్రికెట్, మలయాళీలు ఒక జట్టు, బంగ్లా వాళ్లు ఒక జట్టు, మిగిలినవాళ్లంతా కలిసి మూడోది. బట్టలు గంటలో ఆరిపోతాయి. ఊరు ఎవరిదో అప్పుడు తెలుస్తుంది. చూసి వద్దామనుకునేవాళ్లకి నా సలహా, ఖరీఫ్ జనంలో పడి వెళ్లకండి, అక్టోబరులో వెళ్లండి.

చలికాలం వచ్చేసరికి లుబాన్‌ని ఓడించే వాసన ఒకటి వస్తుంది. తాకా, మిర్బాత్ వైపు ఒడ్డున వలలకి కవళ్లు విరివిగా పడతాయి. ఇసుక మీద ఎకరాలకి ఎకరాలు వెండి పరిచి ఎండబెడతారు. ఎండిన చేపని ఆవులకీ ఒంటెలకీ మేతగా వేస్తారు. ఇబ్న్ బతూతా దీన్ని కూడా చూసి ఆశ్చర్యపోయి రాసుకున్నాడు. రైసూత్ రేవులో పనిచేసే కవిటి కుర్రాడు మొదటిసారి చూసి, నవ్వు ఆపుకోలేక, వీడియో తీసి ఇంటికి కొట్టాడు.

"ఒంటెలు సేపలు తింతన్నాయి సూడే అమ్మా!"

అవతల వాళ్లమ్మ వీడియో రెండుసార్లు వేయించుకుని చూసిందట. నవ్వలేదు. ఇంట్లో రెండు గేదెలున్న మనిషి, ఆమె సందేహం ఆమెది.

"మరి పాలు నీసు కొట్టవురా?"

"టీలో తెలీదులే."